తెర ముందు చాప

ఉమ్ సలాల్, ఖతార్
1997 జనవరి, రంజాను నెల

చిరంజీవి ఆదెప్పకు, మీ అమ్మ ఆంజనమ్మ చెప్పి రాయించే సంగతులు. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళ నొప్పి ఉంది గానీ, అది నాతోపాటే దేశాలు తిరిగి నాతోపాటే వెనక్కి వచ్చింది. అక్కడ నువ్వూ, కోడలు శ్యామలా బాగున్నారనీ, నీ కోపం మాత్రం ఈపాటికి కాస్త చిక్కిపోయి ఉంటుందనీ తలుస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. పక్క విల్లాలో పిల్లలను చూసుకునే నస్రీన్ చదివి వినిపించింది. ఈ జవాబు రాస్తున్నదీ ఆ పిల్లే. రాయచోటిలో పది దాకా చదివింది. ఉపవాసం ఉండి, పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు కూడా ముట్టకుండా, మా వంటింటి వెనక మెట్టు మీద కూర్చుని నా కోసం రాస్తోంది. నేను తిట్టిన తిట్లు కొన్ని ఇందులో కనపడకపోతే అది ఆమె మంచితనం. నా మంచితనం అనుకోవద్దు.

నువ్వు రాసినవి రెండు మాటలు. రెండేళ్ళకోసారి వచ్చే సెలవులో ఇంటికి రాకుండా, ముసలిదానివి ఒంటరిగా దేశాల మీద పడి తిరిగావు, ఇక మీదట ఎక్కడికీ పోనని దేవుడి మీద ఒట్టు వేసి రాయి, లేకపోతే నా గడప తొక్కవద్దు అన్నావు. అది మొదటిది. మీ నాయన పోయినప్పటి నుంచి తెరవని బొమ్మల పెట్టెను శివరాత్రి వెళ్ళగానే బెంగళూరు హోటలువాళ్ళకు ఇచ్చేస్తున్నాను, వాళ్ళు గోడలకు తగిలించుకుంటారట, తోలుబొమ్మలాట ఇంక ఆడేదెవరు, చూసేదెవరు అన్నావు. అది రెండోది. రెండింటికీ నా దగ్గర ఒకటే జవాబు ఉంది. అయితే అది వెంటనే చెబితే నీకు ఎక్కదు. నిదానంగా చదువు.

ముందు ఫయాజ్ సంగతి. మా ఇంటి డ్రైవరు. సెలవుకు వచ్చినవాడు నేను పంపిన దుప్పటి ఇద్దామని మన ఊరి దాకా వచ్చి, నా ప్రయాణం గురించి నీ దగ్గర గొప్పగా చెప్పాడట. వాడు తిరిగొచ్చాక నిలదీశాను.

"ఏమిరా ఫయాజూ, నా కొడుకుతో ఏం చెప్పొచ్చినావు?"

"ఉండేదే చెప్పినా అవ్వా. మీ అమ్మ తిరిగినట్ల మొగోళ్ళు గూడా తిరగలేరు అన్నా."

"దానికి వాడేమన్నాడు?"

"ఏమీ అనలే. టీ గూడా ఇయ్యలే."

అంత దూరం నుంచి దుప్పటి మోసుకొచ్చిన మనిషికి టీ ఇవ్వకపోవడం తప్పు. నా మీద కోపం వాడి మీద చూపిస్తావా? ఈసారి వస్తే అన్నం పెట్టి పంపు.

ఇక నా సంగతి. ఒంటరి ఆడమనిషివి, ఏమైనా జరిగితే ఎవరు దిక్కు అని రాశావు. మీ నాయన పోయిన ఏడాది, నేను ఇక్కడికి విమానం ఎక్కినప్పుడు నా పక్కన ఎవరున్నారు? భాష రాని ఇంట్లో, ముఖం తెలియని మనుషుల మధ్య, ఈ వంటింట్లో పక్క వేసుకున్నప్పుడు నేను ఒంటరిదాన్ని కాదా? అప్పుడు నువ్వు ఈ మాట అడగలేదు. డ్రాఫ్టు వచ్చిందా లేదా అని మాత్రం అడిగావు. అంటే డబ్బు పంపేటప్పుడు నేను ఒంటరిదాన్ని కాను, గుడి చూడటానికి పోతే ఒంటరిదాన్నయ్యాను. నస్రీన్ "ఇది కొంచెం మెత్తగా రాద్దాం అవ్వా" అంటోంది. వద్దు, నేను చెప్పినట్లే రాయి అన్నాను.

తిరుగుబోతు అన్నావు. ఒరే, నువ్వు ఎక్కడ పుట్టావో నీకు గుర్తు లేకపోవచ్చు, నాకుంది. కదిరిలో ఆట ముగించుకుని ముదిగుబ్బకు పోతుంటే దారిలో, ఎద్దులబండిలో, బొమ్మల పెట్టె పక్కన పుట్టావు. మీ నాయన బండికి అడ్డంగా తెర గుడ్డ కట్టాడు. ఆట తెర చాటున పుట్టిన మనిషివి. మన తాతలు ముత్తాతలు ఊరూరా తిరిగి బతికారు. నువ్వు ధర్మవరంలో మగ్గం ముందు కుదురుగా కూర్చున్నావు, సంతోషం. అంతమాత్రాన మన తిరుగుడు తప్పైపోయిందా?

ఇంటికి రాకుండా ఖర్చు పెట్టావు అని కూడా గుచ్చావు. ఇంటికి వస్తే ఏమవుతుందో తెలుసా? అందరికీ చీరలు, సెంటు సీసాలు, టేపురికార్డరు, టార్చిలైట్లు, పాలపొడి డబ్బాలు, అవన్నీ తాళ్ళతో కట్టిన అట్టపెట్టెలు. ఎవరికి ఏది తక్కువైందో వాళ్ళు మాట్లాడరు. ఈసారి నేను వీపుకు ఒక్క సంచి తగిలించుకుని పోయాను. అదీ మా బాబా, అంటే ఈ ఇంటి యజమాని, ఆయన కొడుకు పారేసిన పాత స్కూలు సంచి, దాని మీద బాతు బొమ్మ ఉంది. రెండు చీరలు, ఒక దుప్పటి, ఊరగాయ సీసా. ఇంటికి వస్తే అయ్యే దానిలో సగం కూడా కాలేదు.

నీ ఉత్తరం అడుగున శ్యామల చిన్న అక్షరాలతో ఏదో రాసిందని నస్రీన్ చెప్పింది. ఏం తిన్నావత్తా, ఎక్కడ పడుకున్నావత్తా, చదువు రాకుండా దారి ఎట్లా తెలిసిందత్తా అని. నువ్వు వంద మాటలు రాసి ఒక్కటీ అడగలేదు. ఆ పిల్ల మూడు అడిగింది. కాబట్టి ఇక్కడి నుంచి ఈ ఉత్తరం శ్యామలకు. నువ్వు పక్కన కూర్చుని విను.

అమ్మా శ్యామలా, దీనికంతటికీ మొదలు సుమియాతి. జావా పిల్ల, నాతోపాటు ఈ ఇంట్లో ఇస్త్రీ పని చేసేది. నాకూ తనకూ వంటింటి అరబ్బీయే భాష. ఒకనాడు మిద్దె మీద తడి దుప్పట్లు ఆరేసి ఉంటే, వెనక లైటు వెలుగుతూ ఉంటే, ఊరికే వేళ్ళతో ఒక జింకను ఆడించాను. సుమియాతి కెవ్వున అరిచి నా చేతులు పట్టుకుంది. వాళ్ళ దేశంలోనూ తోలుబొమ్మలున్నాయట, రామాయణం భారతం ఆడతారట. పేటకు ఇద్దరో ముగ్గురో ఆడేవాళ్ళుంటారట. పని ముగించుకుని వాళ్ళ ఊరికి పోతూ, "నువ్వు రా, మా ఊళ్ళో కోతల పండగకు ఆట పెడతారు" అంది. అందరూ అనే మాటే కదా అనుకుని ఊరుకుంది. నేను ఊరుకోలేదు.

ఇంటి యజమానురాలికి, మేము మామా అంటాం, చెబితే నవ్వింది. బాబా మాత్రం నవ్వలేదు. ఇంటికి పోవడానికి ఇచ్చే టికెట్టు మార్చి బ్యాంకాక్‌కు ఇప్పించాడు. వాళ్ళ ఆఫీసు పనులు చూసే లియాఖత్ అలీ పాస్‌పోర్టు మీద ముద్రలన్నీ వేయించి తెచ్చి, "అవ్వా, తప్పిపోతే నన్ను తిట్టొద్దు" అన్నాడు. బ్యాంకాక్ నుంచి జావాకు విమానంలో పోవచ్చు గానీ, నేల మీద, నీళ్ళ మీద పోతే చవక, పైగా దారిలో ఊళ్ళు కనిపిస్తాయి. అట్లాగే పోయాను.

దారి సంగతి అడిగావు. చదువు రానిదానికి అన్ని దేశాల రాతా ఒకటే. ధర్మవరం బస్టాండులో బోర్డు చదవలేను, బ్యాంకాక్‌లోనూ చదవలేను, కొత్తగా భయమేముంది? ఏ ఊళ్ళోనైనా కొట్టు ముందు బొమ్మల కార్డులు అమ్ముతారు. చూడాల్సిన గుడి బొమ్మ కొనుక్కుని బస్సు మనిషికి చూపించేదాన్ని. అక్కడ దించేవాడు. పడుకునేది సత్రం లాంటి చోట, ఒక గదిలో ఎనిమిది మంచాలు, ఒకదాని మీద ఒకటి. అంతా తెల్లపిల్లలు, వీపుకు మనిషంత మూటలు. నా పై మంచం మీద ఒక పిల్ల ఉండేది. నా బాతు సంచి చూసి పడీపడీ నవ్వి, తన సంచి విప్పి, బట్టలు మడత పెట్టకుండా చుట్టలు చుట్టడం నేర్పింది. నేను దాని తలకు నూనె రాశాను. జుట్టు చీపురు కట్టలా ఉంది పాపం.

బ్యాంకాక్ పెద్ద గుడి చుట్టూ ప్రహరీ పొడవునా రామాయణం రాసి ఉంది. బంగారు రంగు. రాముడు పచ్చగా, ఆంజనేయుడు తెల్లగా. నడుచుకుంటూ కథ చదువుకున్నాను, బొమ్మలు కదా, చదువు అక్కరలేదు. ఒకచోట ఆంజనేయుడు చేపతోక ఉన్న ఆడమనిషి నడుం పట్టుకుని ఉన్నాడు! నాకు ఒళ్ళు మండింది. అక్కడ కాపలా ఉన్నవాడితో తెలుగులోనే చెప్పాను: "మా సామి బ్రహ్మచారి. ఆయప్పను ఇట్ల రాస్తారా? చెరిపేయండి." వాడికి ఏం అర్థమైందో, వంగి దండం పెట్టాడు. నేనూ పెట్టి వచ్చేశాను.

అక్కడి నుంచి రైల్లో రెండు పగళ్ళు, ఆ తర్వాత పడవలో సముద్రపు పాయ దాటితే మలేషియాలో పినాంగ్. అక్కడ అరవవాళ్ళ వీధి ఉంది, అమ్మవారి గుడి ఉంది, అరిటాకులో అన్నం పెట్టారు. కొట్టువాడు "పాట్టీ, కూడ యారు?" అన్నాడు. తోడెవరు అని. బాతు సంచి చూపించాను. రేవు దగ్గర ఒక చాప కొన్నాను, ఆకుతో అల్లినది, చుట్టి భుజాన వేసుకుంటే బరువుండదు. అదే నా ఇల్లయింది. పడవలో సుమత్రాకు, అక్కడి నుంచి పెద్ద ఓడలో జావాకు. ఓడ కింది తరగతిలో అందరికీ చాపలే. నా చాప పక్కన ఒక తల్లి తన పిల్లలను వేసుకుని పడుకుంది. అలలకు నాకు వాంతులైతే ఆ తల్లే నుదుటికి మందు రాసింది. ఎవరు దిక్కని అడిగావు కదరా ఆదెప్పా. ఆమె దిక్కు.

జోగ్జా అనే ఊరు. నేను పంపిన కబురు అంది సుమియాతి స్టేషనుకు వచ్చింది. నన్ను చూసి ముందు ఏడ్చింది, తర్వాత "నిజంగా వచ్చినావా ముసలీ" అని అరబ్బీలో తిట్టింది. కొండంత బుద్ధుడి గుడి చూపించింది, మెట్లన్నీ కూర్చుంటూ లేస్తూ ఎక్కాను. శివుడి గుడి రాళ్ళ మీద సీతను ఎత్తుకుపోతుంటే జటాయువు అడ్డం పడటం చెక్కి ఉంది. చేత్తో తడిమాను. ఎవరూ వద్దనలేదు.

ఆట నాడు ఏం జరిగిందో చెబుతాను, నవ్వుకో. వాళ్ళ ఊళ్ళో చావడి లాంటి పెద్ద పందిరి, దీపాలు పెట్టే వేళకు జనం నిండారు. తెల్ల తెర కట్టారు. నేను ఎవరినీ అడగలేదు, నా కాళ్ళే పోయాయి. చెప్పులు విప్పి నేరుగా తెర వెనక్కి పోయి, ఆడించే పెద్దాయన ఎడమ పక్కన, పెట్టె దగ్గర కూర్చున్నాను. మీ మామ పక్కన నేను కూర్చునే చోటది. అరబ్బు దేశం నుంచి సుమియాతి ఇంటికి వచ్చిన పెద్దమ్మ కదా అని వాళ్ళూ ఊరుకున్నారు. బొమ్మలు మనవాటిలా మనిషెత్తు లేవు, చిన్నవి, ముక్కు సూదిగా, చేతులు పాదాల దాకా. బర్రె తోలు, వెలుతురు దూరదు. ఆయన ఒక్కడే అందరి గొంతులూ పలుకుతున్నాడు, కాలితో ఇత్తడి రేకులను తన్ని చప్పుడు చేస్తున్నాడు, మనం చెక్కలు తొక్కినట్టు.

కాసేపటికి వాయిద్యాలు ఒక్కసారిగా ఉరిమాయి. మన ఆటలో ఆ దరువు వస్తే రాక్షసుడు రావాలి. ఆయన చూపు తెర మీద పెట్టి చెయ్యి చాపాడు. అలవాటైన చెయ్యి కదా నాది, గుడ్లు మిటకరించిన ఎర్రటి రాక్షసుణ్ణి తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన బొమ్మను చూశాడు. నన్ను చూశాడు. అప్పుడు జరుగుతున్నది రాణీవాసం. రాజు రావాలి. పెద్దాయన రాక్షసుణ్ణే తెరకెక్కించాడు. వాడు అటు చూశాడు, ఇటు చూశాడు, ఏదో అన్నాడు, పందిరంతా ఒకటే నవ్వు. సుమియాతి తర్వాత చెప్పింది: "నేను తప్పు ఇంటికి వచ్చినాను తల్లీ, మన్నించు, దారి చెప్పిన ముసలమ్మ అరబ్బు దేశం నుంచి వచ్చిందంట" అన్నాడట.

సిగ్గుతో చచ్చాను. అప్పుడు ఆయన భార్య, వక్కాకుతో ఎర్రబడిన పళ్ళతో, వచ్చి నా చెయ్యి పట్టుకుని లేపింది. ఏదో చెప్పింది. సుమియాతి అరబ్బీలోకి మార్చింది, "ఆడవాళ్ళ చోటు ముందర, అక్కడ నుంచి చూడల్లంట."

"నేను ఈ పక్క మనిషిని" అన్నాను. ఆమె వినలేదు. నా చాప తెచ్చి తెర ముందు వేసి, భుజాలు పట్టుకుని కూర్చోబెట్టింది.

ఇక్కడి నుంచి మళ్ళీ ఆదెప్పకు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. గుళ్ళు చూడటానికి పోయానని మామాతో, ఫయాజ్‌తో, ఈ నస్రీన్‌తో కూడా చెప్పాను. గుళ్ళు చూసిన మాట నిజమే. గుళ్ళ కోసం పోలేదు.

మీ నాయన చివరి రోజుల్లో ఒకనాడు, నేను జావ తాగిస్తుంటే అడిగాడు.

"ఆంజనా, మన ఆట బాగుంటాండెనా?"

"నన్నడుగుతావేమి? నీ పక్కనే కదా నేనుండేది."

ఆయన "అవునే. నేను గూడా ఎప్పుడూ చూళ్ళేదు" అన్నాడు. అని నవ్వాడు. ఆ నవ్వుకే దగ్గొచ్చింది.

నలభై ఏళ్ళు ఆయన పక్కన కూర్చుని సీత గొంతు పాడాను. పొద్దున్నే ఊరి ఆడవాళ్ళు వచ్చి, రాత్రి నీ మొగుడు లక్ష్మణుణ్ణి పడేసినప్పుడు ఏడుపు ఆగలేదు వదినా అంటే తలూపేదాన్ని. నాకు తెలిసింది ఆయన మణికట్టు, చెమట, గడ్డం కింది భాగం. పుట్టినప్పుడు మా అమ్మ ఒళ్ళో తెర వెనక, పెళ్ళయ్యాక ఆయన పక్కన తెర వెనక. నువ్వూ అంతే. ఊళ్ళన్నీ మన ఆట చూశాయి, మన ఇంట్లో ఒక్కరూ చూడలేదురా. ముందు నుంచి అది ఎట్లా ఉంటుందో ఒక్కసారి చూసి చావాలనిపించింది. మన ఊళ్ళోనైతే నన్ను ముందు కూర్చోనివ్వరు, అవ్వా నువ్వు వెనక్కి రా, పాట ఎత్తు అంటారు. నేనెవరో తెలియని చోటికి పోవాలి. అందుకే పోయాను. అంత దూరం పోయి, అక్కడ కూడా నా కాళ్ళు నన్ను వెనక్కే తీసుకుపోయాయి చూడు.

ముందు కూర్చున్నాక ఏమైందో చెప్పనా? ఆ గుడ్డ వెనక చేతులున్నాయని నాకు తెలుసు. అయినా కాసేపటికి మరిచిపోయాను. ఒక వీరుడికి బాణం తగిలింది. పెద్దాయన బొమ్మను తెర నుంచి నెమ్మదిగా వెనక్కి లాగి ఉంటాడు, నీడ పెద్దదై, పలచబడి, చెదిరిపోయింది. అది చేసేటప్పుడు మనకు భుజం లాగుతుంది, అంతే తెలుసు. ముందు నుంచి చూస్తే ప్రాణం పోవడం కనిపిస్తుంది. మీ నాయన వేలసార్లు అట్లా లాగాడు. ఆయన చేసింది ఏమిటో నాకు ఆ పరాయి ఊళ్ళో, భాష తెలియని ఆటలో తెలిసింది. చాప మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. పక్కనున్న ఆడవాళ్ళు వీరుడి కోసం అనుకుని వాళ్ళూ ఏడ్చారు.

నస్రీన్ కలం ఆపి నా ముఖం చూస్తోంది. రాయమ్మా, ఇంక కొంచెమే ఉంది. పొయ్యి మీద గోధుమల హరీసు అడుగంటుతుంది, ఉపవాసం విడిచే బాంగు వేళ కావస్తోంది.

ఇప్పుడు నీ రెండు మాటలకు జవాబు. పండగ వెళ్ళాక ఈ ఇంటి పని మానుకుని వస్తున్నాను. బాబా ఒప్పుకున్నాడు. శివరాత్రికి ముందే మన ఊళ్ళో ఉంటాను. ఒట్టు మాత్రం వేయను. కాళ్ళు ఆడినన్నాళ్ళు, బాతు సంచి చిరగనన్నాళ్ళు, నాకు తోచినప్పుడు పోతాను. అడవి మధ్యలో ఊరంత గుడి ఒకటి కాంబోడియాలో ఉందని తెల్లపిల్ల చేతులతో గాలిలో గీసి చూపించింది. అది ఇంకా చూడలేదు.

ఒట్టు వేయకపోతే గడప తొక్కవద్దన్నావు. తొక్కను. మన ఆట ఆడేది వీధిలో. వీధికి గడప లేదు.

శివరాత్రి నాడు తలస్నానం చేసి, సాంబ్రాణి వేసి పెట్టె తెరువు. వినాయకుణ్ణి ముందు తియ్యి. తోలు ముడుచుకుపోయి ఉంటుంది, ఎండ చూపించకు, దీపం వేడి చాలు. మద్దెలకు మీ చిన్నాయనను పిలువు, ఆయనకు చెప్పడమే ఆలస్యం, నడవలేకపోయినా వస్తాడు. సీత పాట శ్యామల పాడుతుంది. ఆ పిల్ల వంట చేస్తూ పాడుకోవడం నేను విన్నాను, నువ్వు వినలేదు. నన్ను పిలవవద్దు. దరువు తప్పినా, చరణం మరిచినా, బొమ్మ తిరగబడినా నేను వెనక్కి రాను. మీ నాయన చెయ్యి నీకు వచ్చిందో లేదో నేను ముందు నుంచి చూడాలి.

లంక కాలే ఘట్టంలో నీ చేతి బొమ్మ శ్యామలకు ఇచ్చి, ఒక్క గడియ నువ్వూ వచ్చి నా పక్కన కూర్చో. మన ఇంటి మగవాడు ఒక్కడైనా మన ఆట చూడాలి కదా. చూశాక కూడా ఆ బొమ్మలు హోటలు గోడకే పోవాలని నీకనిపిస్తే, మర్నాడు మాట్లాడుకుందాం. చూడకముందు మాత్రం ఆ బెంగళూరువాళ్ళు పెట్టె మీద చెయ్యి వేస్తే వాళ్ళకూ తెలుగులోనే చెబుతాను.

తెర నువ్వు కట్టు. చాప నేను తెస్తున్నాను, ఇద్దరికి సరిపోతుంది.

ఇట్లు,
నిన్ను తెర చాటున కన్న మీ అమ్మ,
ఆంజనమ్మ
(వేలిముద్ర)